ఉప్పుగాలికి నిలిచే బండి

పూరీకి, కాశీకి, శబరిమలకు యాత్రికులను మోసే వ్యాన్లే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోగులను డయాలసిస్‌కూ మోస్తాయి. ఆ బండ్ల గట్టిదనం గురించి, వాటికి చేయించే మార్పుల గురించి సొంతదారులు ఏమంటున్నారు?

కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి, వేలితో తట్టి, లోపల నీరెంత ఉందో, కురిడీ కట్టిందో లేదో చెప్పేయగల మనుషుల ఊళ్ళివి. కవిటి, కంచిలి, సోంపేట వైపు కాయ బేరం అలాగే సాగుతుంది. ఆ మనుషులే పాత వ్యాను కొందామని కాశీబుగ్గ వస్తే అక్కడా వేళ్ళనే నమ్ముకుంటారు. తలుపు కింది అంచు, చక్రం మీది వంపు, మెట్టు పక్క రేకు, ఇలా వరసగా కణుపులతో తట్టుకుంటూ పోతారు. రేకు ఖంగుమందా, సరే. తడిసిన అట్టపెట్టెలా పలికిందా, లోపల తుప్పు తినేసింది, పైన లప్పం పెట్టి రంగు కొట్టారు అని అర్థం.

జాతీయ రహదారి పక్కన ఒక టింకరింగ్ షెడ్డులో చూసిన బేరం ఇది. కొనబోయేవాడు పాతికేళ్ళ కుర్రాడు. తోడు వచ్చింది మేనమామ, ముప్పయ్యేళ్ళు కిరాయి బండ్లు నడిపిన మనిషి.

"మావా, కొత్తదానిలాగ మెరిసిపోతంది కదా."

"మెరుపు సూసి కొంటే పూరీ ఎల్తావు గానీ తిరిగి రావురా అల్లుడూ. కింద సూడు, కింద."

కుర్రాడు చొక్కా విప్పి పక్కన పెట్టి, గోనె పరుచుకుని బండి కిందికి దూరాడు. ఉద్దానం సొంతదారుల అనుభవమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాలుగు వారాలు ఈ ఊళ్ళమ్మట తిరిగి, బండ్లున్నవాళ్ళతో కూర్చుని మాట్లాడితే, ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆ కిందికే వచ్చారు.

మూటలు కట్టుకున్న ఊరు

అమెరికాలో విహారానికని ప్రత్యేకంగా ఇల్లులాంటి బండ్లు కడతారు. వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ చక్రాల మీదే. మన పాఠకులకు ఆ మాట చెబితే సినిమా షూటింగుల దగ్గర ఆగి ఉండే కేరవాన్ గుర్తుకొస్తుంది. మన దేశంలోనూ ఇలాంటి బండ్ల నిర్మాణానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ పర్యాటకానికని ఒక విధానమే ప్రకటించింది. పలాస, టెక్కలి వైపు మాత్రం విహారమంటే యాత్రే. విహారపు బండి అంటే యాత్ర బండే.

ఆషాఢంలో జగన్నాథుని రథం కదిలేటప్పుడు, కార్తీకంలో, మాల వేసుకున్నవాళ్ళు శబరిమల బయల్దేరేటప్పుడు, రథసప్తమికి అరసవల్లికి, శివరాత్రికి మహేంద్రగిరికి, ఊరి నుంచి ఒక బండి కదులుతుంది. పైన క్యారియరు మీద బియ్యం బస్తా, పొయ్యి, డేగిసాలు, చాపలు, దుప్పట్లు, టార్పాలిన్. వెనక సీటు కింద కొబ్బరికాయల గోనె. ముసలివాళ్ళు కిటికీల దగ్గర, పిల్లలు ఒళ్ళో, డ్రైవరు పక్క సీట్లో లెక్క రాసే పెద్దమనిషి. సత్రం దొరికితే సత్రంలో, లేకపోతే పెట్రోలు బంకు పక్కన చెట్టు కింద వండుకు తింటారు. సగం మంది బండిలోనే నిద్రపోతారు. 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 వరకు ప్రయాగలో మహాకుంభమేళా జరిగినప్పుడు ఇక్కడినుంచి వెళ్ళిన బండి రానూ పోనూ తిరిగింది రెండువేల కిలోమీటర్లకు తక్కువ కాదు. అన్నాళ్ళు ఆ రేకు గూడే ఇల్లు.

ఒకప్పుడు ఈ పనంతా జీపులు చేసేవి. 1987లో టెంపో ట్రావెలర్ వచ్చింది, 1994లో టాటా సుమో, 2000లో బొలేరో. ఒక్కొక్కటి వచ్చినప్పుడు ఒక్కో తరం డ్రైవర్లు తయారయ్యారు. వయసు మళ్ళినవాళ్ళతో మాట్లాడితే ఏ బండి మీద ఏ యాత్ర చేశారో ఏళ్ళతో సహా చెబుతారు. పెళ్ళి ఏడాది మరిచినా అది మరవరు.

ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. యాత్ర లేని రోజుల్లో ఈ బండి ఊరికే ఉండదు. పెళ్ళివారిని దింపుతుంది, జీడి కార్ఖానాలకు పనివాళ్ళను తెస్తుంది, రోగులను ఆస్పత్రికి తీసుకెళుతుంది. కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానంలో ఆ చివరి పని చాలా పెద్దది. అందుకే ఇక్కడ బండి గట్టిదా కాదా అన్న ప్రశ్నకు జవాబు సరదా మనుషుల జవాబులా ఉండదు.

ఏ ఊరి బండి?

అలలు విరిగినప్పుడల్లా సన్నని ఉప్పు తుంపర గాలిలో కలుస్తుంది. ఆ ఉప్పు రేకు మీద వాలి ఊరుకోదు. గాలిలోని తేమను లాక్కుని రేకును ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. పైభాగాన్ని వాన అప్పుడప్పుడు కడిగేస్తుంది. వాన తగలని కింది భాగానికి ఆ అదృష్టం లేదు, అందుకే ముందు అదే పోతుంది. తలుపుల్లోకి అద్దం సందునుంచి దిగిన నీరు బయటికి పోవడానికి అడుగున చిన్న కంతలుంటాయి. ఇసుక, ఆకు పొడి చేరి అవి మూసుకుపోతే తలుపు లోపలే నీరు నిలుస్తుంది. తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. రంగు మీద మొటిమలాంటి బుడగ కనిపించేసరికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

కాబట్టి పాత బండి బేరంలో ఏ సంవత్సరం మోడలు అని అడగడానికి ముందు ఏ ఊరి బండి అని అడుగుతారు. బారువ, నువ్వలరేవు, మంచినీళ్ళపేట, భావనపాడు లాంటి తీరపు ఊళ్ళలో ఆరుబయట నిలిచిన బండికి ఒక ధర, టెక్కలిలో గోడల మధ్య నిలిచినదానికి ఒక ధర. తిరిగిన కిలోమీటర్లు రెండింటికీ ఒకటే అయినా సరే.

తుప్పుకు విరుగుడు విషయంలో సొంతదారులు రెండు పక్షాలు. పాతకాలపువాళ్ళు ఇంజనులోంచి తీసిన నల్లనూనెను గుడ్డతో బండి అడుగునంతా పూస్తారు. ఖర్చు లేదు, తుప్పు కొంత ఆగుతుందన్నదీ అబద్ధం కాదు. కానీ ఆ నూనె రబ్బరు బుష్షులను ఉబ్బించి పాడుచేస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, బ్రేకుల దగ్గరికి చేరితే ప్రమాదం. అంతకంటే నాకు బాధ కలిగించేది మరొకటి. వానకు ఆ నూనె కారి ఇసుక నేలలోకి ఇంకుతుంది. తాగే నీటిని చూసి భయపడుతూ బతుకుతున్న ప్రాంతంలో, కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలని నేలలో, చేతులారా ఆ పని చేయకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఒకరిద్దరు సొంతదారులతో వాదించాను కూడా.

రెండో పక్షంవాళ్ళు అడుగున రబ్బరు లాంటి కోటింగు కొట్టిస్తారు. కొత్త బండికి, ఎండలో బాగా ఆరాక కొట్టిస్తే అది మంచి పని. తుప్పు మొదలైన రేకు మీద గీకకుండా కొట్టిస్తే మాత్రం పుండు మీద పట్టీ వేసి మూసినట్టే. తడి లోపల చిక్కుకుని ఇంకా తొందరగా తింటుంది. ఈ తేడా తెలియక డబ్బు పోసి బండిని పాడుచేసుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపించారు.

మంచి నీళ్ళతో అడుగు కడగడం అన్నిటికంటే తేలిక మందు. వారానికోసారి పైపు పట్టుకుని చక్రాల గూళ్ళు, కమాన్ పట్టీలు, తలుపుల కంతలు కడిగేవాడి బండి పక్కవాడి బండికంటే ఎక్కువ ఏళ్ళు నిలబడుతుంది. చిక్కేమిటంటే సముద్రం దగ్గర కొన్ని చోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది. దాంతో కడిగితే ఉప్పు మీద ఉప్పు పోసినట్టు. అలాంటి ఊళ్ళవాళ్ళు పలాసకో టెక్కలికో కిరాయికి వచ్చినప్పుడే బండి కడిగించుకుని పోతారు.

రేకు మందం, చుక్కల లెక్క

"పాత బండ్ల రేకు దళసరి, ఇప్పటివి కాగితాలు." ఈ మాట వినని రోజు లేదు. సగం నిజం. రేకు మందం ఒక్కటే తుప్పును ఆపదు. లోహం మీద కర్మాగారంలో వేసే పూతలు, మూలమూలలా చేరే ప్రైమరు, అతుకుల దగ్గర పెట్టే సీలెంటు, ఇవి ఆపుతాయి. ఆ దళసరి రేకు జీపులు కూడా ఈ తీరంలో పుచ్చిపోయినవే. వాటికి వేరే మేలు ఉండేది. కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. బాడీ చిరిగినా ఛాసిస్ నిలిచేది. రేకు కోసి కొత్త రేకు అతికితే మళ్ళీ పదేళ్ళు నడిచేది. ఈనాటి కార్లలో చాలావాటికి ఛాసిస్ విడిగా ఉండదు, గుల్ల మొత్తం కలిసే బరువు మోస్తుంది. అలాంటి బండికి మెట్టు కింద పెట్టె పుచ్చితే అది ఇంటి స్తంభానికి చెద పట్టినట్టు. పైన లప్పం పెట్టి అమ్మేవాడు కొన్నవాడి ప్రాణంతో ఆడుకుంటున్నాడు. తట్టి చూసే విద్య ఇవాళ ఒకప్పటికంటే ఎక్కువ అవసరం.

కుర్రకారు ఇప్పుడు చుక్కల గురించి అడుగుతున్నారు. 2023 ఆగస్టులో భారత్ ఎన్‌క్యాప్ ప్రకటించాక కారు గుద్దితే లోపలివాళ్ళు ఎంత క్షేమమో అయిదు చుక్కల లెక్కన చెబుతున్నారు. మంచిదే. అయితే అది మూడున్నర టన్నుల లోపు, డ్రైవరు కాక ఎనిమిది మంది కూర్చునే వరకు ఉన్న బండ్లకే. పన్నెండు, పదిహేడు సీట్ల యాత్ర వ్యానుకు ఆ చుక్కలు లేవు. పైగా చుక్కలు కొత్త బండికి ఇచ్చినవి. ఉప్పుగాలిలో ఎనిమిదేళ్ళు నిలిచిన బండికి అవే చుక్కలు ఉన్నాయని అనుకోకూడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్ల మీద సొంతదారులకు ఒక పెద్ద దిగులు ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు వాటిలో ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, కాస్త వేగంగా పరుగెత్తాలి. కాశీ వెళ్ళే బండికి ఆ బెడద లేదు. వజ్రపుకొత్తూరు నుంచి పలాస ఆస్పత్రికి, మళ్ళీ ఊరికి, ఇలా దగ్గర తిరుగుళ్ళే తిరిగే బండికి ఫిల్టరు నిండిపోయి ఎర్రదీపం వెలుగుతుంది. సందులోని మెకానిక్కు ఆ దీపం భాష తెలియదు. శ్రీకాకుళమో విశాఖపట్నమో తీసుకెళ్ళాలి. వారానికోసారి బండిని రహదారి మీదికి ఎక్కించి అరగంట ఒకే వేగంతో నడపడం అలవాటు చేసుకున్నవాళ్ళకు ఆ దిగులు తగ్గింది.

మా బియ్యం బస్తా తడిసిన రాత్రి

నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కిందట మా కుటుంబమంతా పూరీ బయల్దేరాం. వ్యాను మీద క్యారియరు అప్పుడే కొత్తగా బిగించారు. బిగించినవాళ్ళు పైరేకుకు కంతలు కొట్టి బోల్టులు వేశారు, కింద రబ్బరు వాషరు వేయలేదు, చుట్టూ సీలెంటు పూయలేదు. దారిలో వాన. బరంపురంలో మొదలైన తుంపర ఖుర్దా దగ్గరికి వచ్చేసరికి కుండపోత. లోపలి పైకప్పు గుడ్డ ముందు మచ్చలు పడింది, తర్వాత సంచిలా ఉబ్బింది, అర్ధరాత్రి మా పెద్దమ్మ నెత్తిన చిరిగింది. సీట్ల మధ్య పెట్టిన బియ్యం బస్తా ముద్దయిపోయింది. పెద్దమ్మ ఒక్క మాట కూడా విసుక్కోలేదు. స్వామికి అభిషేకం ముందు నాకే అయిందిలే అంది. పిల్లలకు తడి బట్టలు మార్చి, వాళ్ళను ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఆ నాలుగు కంతలకు ఖర్చయ్యే సీలెంటు ఎంతని?

తర్వాత అమెరికాలో ఉంటున్న మనవాళ్ళతో మాట్లాడినప్పుడు ఆశ్చర్యపోయాను. సెలవుల్లో పెద్ద బండి అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ చూసి వచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి సొంతదారులు అన్నిటికంటే ఎక్కువగా మొత్తుకునేది కూడా పైకప్పు కారడం గురించే. ఆ దేశపు విహార బండ్లలో చాలాభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. 2021లో ఒక్క ఏడాదిలోనే 6 లక్షలకు పైగా బండ్లు కర్మాగారాలు దాటాయి. అంత తొందరలో కట్టినవాటిలో అతుకులు వదులు, తలుపులు వంకర, నీళ్ళ గొట్టాలు లీకు అని కొన్నవాళ్ళు వాపోయారు. చాలావాటి గోడల్లో సన్నని చెక్క చట్రం ఉంటుంది. పైనుంచి నీరు దిగితే చెక్క మెత్తబడి గోడ పొరలు విడిపోతాయి. తెలిసినవాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు నిచ్చెన వేసుకుని పైకెక్కి అతుకులన్నీ చూసి, పగిలినచోట సీలెంటు తీసి మళ్ళీ పూస్తారు. కొన్నరోజే ఇంటికి తెచ్చుకోకుండా, తెలిసిన మనిషిని పిలిపించి ప్రతి కుళాయి, ప్రతి మీట చూపించుకుంటారు.

అంత ధనిక దేశంలోనూ బండి గట్టిదనం చివరికి ఒక అతుకు దగ్గర, ఒక కంత దగ్గర తేలుతోంది. ఇక్కడ క్యారియరు బిగించుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పైరేకుకు కంత కొట్టనివ్వకండి. అంచున ఉండే నీటి గాడికి పట్టుకునే బిగింపు అడగండి. తప్పదంటే మీరే దగ్గరుండి వాషర్లు వేయించండి, పైన బకెట్టు నీళ్ళు పోయించి చూశాకే డబ్బు ఇవ్వండి.

పీచు సీటు, నాలుగు గంటల సూది

ఈ నాలుగు వారాల్లో నేను ఎక్కువసేపు కూర్చున్నది సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర. అక్కడ విన్నవి రాయకపోతే ఈ కథనానికి అర్థం లేదు.

డయాలసిస్ చేయించుకునే మనిషికి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఒంట్లోంచి నీరు లాగేశాక రక్తపోటు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పట్టేస్తాయి. ఆ స్థితిలో బండెక్కి ఇంటికి రావాలి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు ఎంతోమంది శ్రీకాకుళం, విశాఖపట్నం దాకా వెళ్ళి వచ్చేవారు. ఇప్పుడు దూరం తగ్గింది గానీ ప్రయాణం తప్పలేదు. ఉద్దానం లోపలి ఊళ్ళ నుంచి నలుగురైదుగురు రోగులు కలిసి ఒక బండి మాట్లాడుకుంటారు. శనివారం అయ్యప్ప భక్తులు కూర్చున్న సీట్లోనే సోమవారం వీళ్ళు కూర్చుంటారు.

ఆ సీటు ఎలా ఉండాలి? సొంతదారుల్లో చాలామంది మొదట రెగ్జిన్ కవర్లు వేయిస్తారు. తుడిస్తే పోతుంది, మెరుస్తుంది. కానీ రెగ్జిన్ గాలి ఆడనివ్వదు. వేసవిలో గంటసేపటికి వీపు అంటుకుపోతుంది. లోపల చవక స్పాంజి అయితే ఏడాదికే కుంగి కింది పలక ఎముకకు తగులుతుంది. బక్కచిక్కిన రోగికి అది నరకం.

ఉద్దానం కొబ్బరితోట లాంటిది. పీచుకు కొదవ లేదు. పీచును రబ్బరు పాలతో కలిపి పరుపులు, సీట్లు చేయడం మన దేశంలో దశాబ్దాలుగా ఉన్న పనే. అది గాలి ఆడుతుంది, చెమట నిలవదు, తొందరగా కుంగదు. 1990లలో బ్రెజిల్‌లో మెర్సిడెస్ బెంజ్ బండ్ల సీట్లలో కొబ్బరి పీచు వాడారు. ఎక్కడో అమెజాన్ పక్కన పండిన పీచు సీటులోకి ఎక్కింది, మన పీచు మాత్రం తాళ్ళలోకీ పొయ్యిలోకీ పోతోంది. కాస్త ఆలోచన ఉన్న సొంతదారులు అడుగున పీచు పలక, పైన రెండంగుళాల మంచి ఫోము, ఆపైన నూలు గుడ్డ కవరు వేయిస్తున్నారు. ఉతుక్కోవచ్చు. మెరవదు గానీ ఆ బండికే రోగులు ముందు చెప్పి పెట్టుకుంటారు. పీచు సీట్లు కుట్టే పని పలాస, సోంపేటల్లో పెద్దగా సాగాలని, ఆడవాళ్ళ సంఘాలు దాన్ని చేపట్టాలని నాకు చాలా ఆశ.

వెనక్కి వాలే పుష్‌బ్యాక్ సీటు వరసకొకటి ఉన్నా చాలు, కళ్ళు తిరిగిన మనిషిని పడుకోబెట్టవచ్చు. అది కొనేటప్పుడు రంగు చూస్తారు, మీట చూస్తారు. నేలకు బిగించే చట్రం చూడరు. తుప్పు తిన్న నేల రేకుకు రెండు బోల్టులతో బిగించిన ఖరీదైన సీటు, గట్టిగా బ్రేకు వేస్తే మనిషితో సహా ముందుకు వస్తుంది. సీటు మార్చేముందు మ్యాటు ఎత్తి నేల తట్టి చూడమని కుట్టేవాళ్ళే చెబుతున్నారు. వినేవాళ్ళు తక్కువ.

కమాన్ పట్టీల సంగతీ ఇక్కడే చెప్పాలి. టెక్కలి చుట్టూ గ్రానైటు క్వారీలున్నాయి. రాతి దిమ్మలు మోసే లారీల వల్ల ఆ ఊళ్ళో కమాన్ పనివాళ్ళకు బరువు లెక్క బాగా తెలుసు. యాత్ర వ్యాను సొంతదారులు వాళ్ళ దగ్గరికి పోయి ఇంకో పట్టీ వేయమంటారు, మనుషుల్నీ సామాన్నీ ఎక్కువ ఎక్కించుకోవాలని. పట్టీ పెరిగితే బండి కుంగదు, నిజమే. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. లారీకి రాయి బరువు, ఇక్కడ ఎక్కేది మనిషి. రోగులను ఎక్కించుకునే బండికి పట్టీ పెంచడం కంటే షాక్ అబ్జార్బర్లు సమయానికి మార్చడం, టైర్లలో గాలి సరిగా చూడడం మేలు.

బ్రేకులంటే పలాస జీడి గుర్తుకొస్తుంది. జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నూనెతో చేసిన రెజిన్లు, పొడి బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు. వేడికి తట్టుకుని, పట్టు చెడకుండా ఉంచే గుణం దానికుంది. వేళ్ళు నల్లబడేలా పిక్కలు కొట్టే మన ఆడవాళ్ళ శ్రమలో ఒక పాలు, ఏ ఘాటురోడ్డు మీదో బండి ఆపుతోంది. ఈ మాట చెబితే ఒక కార్ఖానాలో పనిచేసే అమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది.

తీగలు, పొయ్యి

దీపాల మోజు పెరిగింది. ముందు నాలుగు అదనపు లైట్లు, లోపల రంగు రంగుల దీపాలు, పాటలపెట్టె, ప్రతి సీటుకు ఫోను చార్జింగు. వీటన్నిటికీ ఉన్న తీగను గోరుతో గీరి కొత్త తీగ చుట్టి టేపు వేస్తారు. ఫ్యూజు ఉండదు, రిలే ఉండదు. ఉప్పుగాలి ఆ అతుకుల్లో చిలుము పట్టిస్తుంది, అతుకు వేడెక్కుతుంది. ఎదుటివాడి కళ్ళు చెదిరే లైట్ల సంగతి సరేసరి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది చనిపోయారు. అక్కడ మంటకు కారణం వేరు, కానీ బండి అంటుకుంటే నిమిషాలే ఉంటాయని ఆ రాత్రి మనకందరికీ తెలిసింది. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపిన యాత్రికుల రైలు పెట్టెలో, వంటకని తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల 9 మంది పోయారు. వాళ్ళూ మనలాంటి యాత్రికులే, వంట చేసుకుని దేవుణ్ణి చూసుకుందామని బయల్దేరినవాళ్ళే. సిలిండరు లోపల పెట్టవద్దని, బండిలో పొయ్యి వెలిగించవద్దని ఎవరు చెప్పినా చాదస్తం అనుకోకండి. వెనక తలుపుకు అడ్డంగా మూటలు పేర్చవద్దు. అద్దం పగలగొట్టే సుత్తి, మంటలార్పే సిలిండరు డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి.

చట్టం విషయం క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. సీటు కవరు, పీచు పలక వేరు. సీట్ల సంఖ్య పెంచడం, ఛాసిస్ కోయడం వేరు. తెల్ల నంబరు పలక మీద కిరాయి తిప్పితే ప్రమాదం జరిగినరోజు బీమా చిక్కుల్లో పడుతుంది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి పైసా రాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు ఇళ్ళమీద, బండ్లమీద విరిగిపడ్డాయి. తోట పోయి, బండి పోయి, చేతిలో ఆ ఒక్క బీమా కాగితంతో మిగిలినవాళ్ళ దుఃఖం ఆ ఊళ్ళలో ఇంకా చల్లారలేదు.

స్టెప్నీ గురించి ఒక్క మాట. బండి అడుగున వేలాడే స్టెప్నీని దింపే గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అర్ధరాత్రి పంక్చరైతే చక్రం ఉంటుంది, చేతికి రాదు. ఆరునెలలకోసారి దింపి గ్రీజు పూయండి. అప్పుడే టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసిందని. వాడకుండా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది.

మళ్ళీ షెడ్డులో

ఆ షెడ్డులో కుర్రాడు బండి కిందినుంచి బయటికి వచ్చేసరికి జుట్టంతా మట్టి. ఎడమ పక్క మెట్టు కింద రేకు పోయిందని, ఛాసిస్ మాత్రం గట్టిగా ఉందని చెప్పాడు. మేనమామ తానూ వంగి తట్టి చూసి తలూపాడు. బేరం కుదిరింది, పోయిన రేకు కోసి కొత్తది వేయించే ఖర్చు ధరలో తగ్గించుకున్నారు. రంగు మళ్ళీ వేయించాలా అని షెడ్డు మనిషి అడిగాడు. పైన ఏమీ వద్దన్నాడు కుర్రాడు. అడుగంతా గీకి, ప్రైమరు కొట్టి, ఆరనిచ్చి కోటింగు వేయమన్నాడు. వెనక సీట్లలో రెండు తీసి వాలేవి పెట్టమన్నాడు.

"ఇంకేటైనా ఉన్నాదా బావూ?" అన్నాడు షెడ్డు మనిషి.

"ఎక్కడానికి కింద ఇంకో మెట్టు కట్టాల. మాయమ్మ ఎక్కలేదు."

"ఎంత ఎత్తు?"

కుర్రాడు కాసేపు ఆలోచించి, వంగి తన పిక్క మీద వేలు పెట్టి చూపించాడు. మేనమామ ఆ వేలిని రెండంగుళాలు కిందికి జరిపాడు. "నీ కాలుతో కొలవకు. సోమారం ఆస్పత్రినుండి వచ్చినప్పుడు అక్క ఎంత ఎత్తుకి కాలు ఎత్తగలదో నాను సూసినాను."

షెడ్డు మనిషి సుద్దముక్క తీసి, తలుపు పక్కన రేకు మీద అక్కడే గీత గీశాడు.